దామగుండమునుండి సముద్రగర్భమునకు



పూడూరు మండలమున దామగుండపు అడవిలో నౌకాదళమువారు నెలకొల్పు కేంద్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు కోరితిరి. సముద్రము కంటికి గానరాని ఈ పీఠభూమిపై నౌకాదళమున కేమి పని యని మన గ్రామములలో పెద్దలు ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నను విని నవ్వువారిని మేము చూచితిమి. నవ్వదగిన ప్రశ్న గాదది. దాని సమాధానము నూట ముప్పది యేండ్ల పరిశోధనలో దాగియున్నది. ఆ కథను కొంత చెప్పి పిమ్మట మన యింటి సంగతికి వత్తుము.

ముందుగా ఒక పేరును సరిదిద్దవలసియున్నది. 2024 అక్టోబరు 15వ తేదీని రక్షణమంత్రి శ్రీ రాజనాథ సింగు గారు ముఖ్యమంత్రి శ్రీ రేవంతరెడ్డి గారి సమక్షమున శంకుస్థాపన చేసిరి. ఆ నాటికి ముందునుండియు దీనిని సభలలోను పత్రికలలోను "రాడారు కేంద్ర" మనియే పిలుచుచున్నారు. ఇది రాడారు గాదు. రాడారనగా తరంగమును విసరి, అది ఓడకో విమానమునకో తగిలి మరలివచ్చినపుడు ఆ ప్రతిధ్వనినిబట్టి దూరమును గణించు సాధనము. 1922లో అమెరికా నౌకాదళపు పరిశోధకులగు టెయిలరు, యంగు అనువారు పొటోమాక్ నదిపై సాగిపోవు ఓడ తమ తరంగములను చెదరగొట్టుట గమనించిరి. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో డావెంట్రీ సమీపమున వాట్సన్ వాట్ ఒక విమానము నట్లే పసిగట్టెను. ఆ విద్య చూచెడి కన్ను. దామగుండమున రానున్నది పలికెడి నోరు. మిక్కిలి పొడవైన తరంగములతో, నీట మునిగియున్న జలాంతర్గాములకు వార్త నందించు ప్రసారకేంద్రము. దీనికి వీ.ఎల్.ఎఫ్. కేంద్రమని వాడుక. పేరు తప్పుటచే ప్రశ్నలును తప్పుదారి పట్టినవి. అడుగవలసిన వానిని మానివేసి, అడుగనక్కరలేని వానికై మనము రెండేండ్లు కలహించితిమి.

తంత్రులు లేని వార్త శాస్త్రజ్ఞుల బల్లపై పుట్టెను గాని దానిని పెంచినది యుద్ధమే. మాక్స్‌వెల్ గణితమున ఊహించిన తరంగములను హెర్ట్జు 1887, 1888 సంవత్సరములలో ప్రయోగముచే నిరూపించెను. 1895లో కలకత్తా టౌనుహాలున మన జగదీశచంద్ర వసువు గోడల కావలనుండి కంటికి గానరాని తరంగమును పంపి గంట మ్రోగించి మందుగుండును ప్రేల్చెను. వసువు చేపట్టిన తరంగములు మిల్లీమీటరులలో కొలుచునంత పొట్టివి. దామగుండమున పలుకనున్నవి కిలోమీటరులలో కొలుచునంత పొడవైనవి. ఒకే విద్యుదయస్కాంత కుటుంబమున ఈ కొనను వసువు, ఆ కొనను మన అడవి.

ఆ కాలముననే ఇంగ్లీషు నౌకాదళమున హెన్రీ జాక్సన్ అను అధికారి ఓడ కోడకు వార్త నంపు ప్రయోగములు స్వయముగా చేయుచుండెను. మార్కోనీ 1896లో ఇంగ్లండు చేరినపుడు వా రిరువురు కలిసికొనిరి. 1899లో బోయరు యుద్ధమునకు సైన్యము మార్కోనీ యంత్రములను కొనిపోయినది గాని తగిన స్తంభములు లేక వెదురుబొంగులను, గాలిపటములను నమ్ముకొనవలసి వచ్చినది. నేలపై విఫలమైన ఆ యంత్రములను నౌకాదళము స్వీకరించి, డెలగోవా అఖాతమున కావలి కాయు ఓడలపై చక్కగా వినియోగించెను. ఈ విద్యకు స్తంభమెంత ముఖ్యమో, పాదము క్రింది భూమియు నంత ముఖ్యమని సైనికులు తెలిసికొనుట కాలముతో జరిగెను. దామగుండపు చిక్కంతయు ఈ రెండింటియందే యున్నది.

1905 మే 27న జపాను కావలి ఓడ షినానో మారు రష్యా నౌకాబలమును చూచి తంత్రీరహితముగా అడ్మిరలు టోగోకు తెలిపినది. సుషిమా యుద్ధమున రష్యా బలము నాశనమైనది. 1914 సెప్టెంబరు 22 రాత్రి చెన్నపట్టణముపై గుండ్లు కురిపించిన ఎమ్డెన్ పేరు మన తాతల నాట తెలుగునాట పిల్లలకు గూడ తెలియును. ఆ యోడ నవంబరు 9న కోకోసు దీవులలోని వార్తాకేంద్రమును ధ్వంసము చేయవచ్చినపుడు, అచ్చటి ఉద్యోగులు యంత్రము పగులక మునుపే ఆకాశమున కొక కేక వేసిరి. సమీపమున పోవుచుండిన ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ ఆ కేక విని వచ్చి ఎమ్డెన్‌ను పరిమార్చెను. చెన్నపట్టణమును హడలెత్తించిన యోడను ఒక వార్త పట్టియిచ్చినది.

ఆ దినములలో తరంగము ఎంత పొడవైన అంత దూరము పోవునని విశ్వాసము. అమెరికా నౌకాదళ పరిశోధనాలయమున లూయీ ఆస్టిన్ 1909, 1910 ప్రాంతమున యుద్ధనౌకలను సముద్రముపై దూరదూరమునకు పంపి, వార్త ఏ దూరమున నెంత క్షీణించునో కొలిచి యొక సూత్రమును కట్టెను. దాని ననుసరించి దేశములు పోటీపడి మహాస్తంభములను ఎత్తినవి. 1924 నాటి స్వీడను దేశపు గ్రిమెటాన్ కేంద్రము 17.2 కిలోహెర్ట్జుల యంత్రముతో నేటికిని పండుగ దినములలో పలుకుచు ప్రపంచ వారసత్వ సంపదగా నిలిచియున్నది. 1926లో ఇంగ్లండు రగ్బీ యొద్ద 250 మీటర్ల స్తంభములు పండ్రెండు నిలిపి 16 కిలోహెర్ట్జులపై సామ్రాజ్యమంతటికిని పలుకుట కారంభించెను. రగ్బీ సముద్రతీరమున లేదు, ఇంగ్లండు నడిబొడ్డున నున్నది. మన పెద్దల ప్రశ్నకు సగము సమాధానమిచ్చటనే దొరకుచున్నది. ఈ తరంగములు భూమికిని, డెబ్బది మొదలు తొంబది కిలోమీటర్ల ఎత్తున నున్న అయనమండలపు అడుగు పొరకును నడుమ, రెండు గోడల నడుమ వసారాలో వలె వేలకొలది మైళ్ళు సాగిపోవును. కేంద్రము తీరమున నుండనక్కరలేదు. లోపలి నేలపై నున్నచో సముద్రమునుండి వచ్చు శత్రువునకు దూరమగుట అదనపు లాభము.

ఇంతలో పొట్టి తరంగములు అయనమండలమునుండి పరావర్తనము చెంది తక్కువ వ్యయముతో ఖండములు దాటునని తేలినది. 1927లో పూనా ప్రాంతమున ఖడ్కీ, ధోండు కేంద్రములనుండి ఇంగ్లండునకు ఆ విధమున వార్తలు నడచినవి. దీర్ఘతరంగమునకు కాలము చెల్లినదని పలువురు తలచిరి. దానిని బ్రదికించినది జలాంతర్గామి.

ఉప్పునీరు విద్యుత్తునకు మంచి వాహకము. వాహకమగుటచేతనే తరంగమును మ్రింగివేయును. హైదరాబాదు ఆకాశవాణి 738 కిలోహెర్ట్జుల తరంగము సముద్రమున ఒక అడుగు దిగునప్పటికి మూడింట ఒక వంతు బలముతో మాత్రము మిగులును. రెండడుగులకు తొమ్మిదవ వంతు. మనుష్యుని మోకాటి లోతులోనే పాట వినబడక పోవును. పదునెనిమిది కిలోహెర్ట్జుల తరంగమునకు ఆ "అడుగు" ఇంచుమించు రెండు మీటర్లగును. సున్నితమైన గ్రాహకమున్న జలాంతర్గామి పది, ఇరువది మీటర్ల లోతుననే యుండి, లేదా తన వెనుక తేలు తీగను ఈడ్చుకొనుచు, ఆ వార్తను వినగలదు. తల పైకెత్తనక్కరలేదు. తల యెత్తినవాడు చచ్చుట రెండవ ప్రపంచ సంగ్రామమున జర్మను జలాంతర్గాములు అనుభవముచే నేర్చినవి. అవి పైకి వచ్చి పొట్టి తరంగముతో జవాబు చెప్పిన ప్రతి పర్యాయము మిత్రరాజ్యములవారు దిక్కును పసిగట్టి వెంటాడిరి. కావుననే ఈ విద్య ఏకపక్షము. నేల పలుకును, నీరు వినును, జవాబు లేదు.

ఇక స్తంభముల మాట. పదునెనిమిది కిలోహెర్ట్జుల తరంగము నిడివి పదునారు కిలోమీటర్లకు మించును. శాస్త్రము కోరు స్తంభము దానిలో నాలుగవ వంతు, అనగా నాలుగు కిలోమీటర్ల ఎత్తు! మానవుడట్టిది కట్టజాలడు. మూడువందల మీటర్లు కట్టి, కొరవను రెండు ఉపాయములతో పూరించుకొనుచున్నాడు. స్తంభముల తలలపై సాలెగూడు వలె తీగల పందిరి వేయుట ఒకటి. నేలలో మైళ్ళకొలది రాగితీగను వ్రేళ్ళ వలె పాతిపెట్టుట రెండవది. 1961లో పనిచేయ నారంభించిన అమెరికా దేశపు కట్లరు కేంద్రమున స్తంభములు ఇరువదియారు, నేలలోని రాగితీగ రెండువేల మైళ్ళకు మించినది. ఇంత చేసినను మనుష్యకంఠము దానిలో పట్టదు. సెకండునకు కొన్ని వందల చిహ్నములు పోవునంతే, తంతివార్త వలె పొడి అక్షరములు. వేలయెకరముల నేల ఏల అని యడుగువారికి ఇదియే సమాధానము. భవనములకు గాదు, ఆ పందిరికిని ఆ వ్రేళ్ళకును.

జర్మనులు 1943లో కాల్బె పట్టణము చెంత మెగావాటు శక్తితో "గోలియాత్" అను కేంద్రమును కట్టిరి. యుద్ధానంతరము సోవియటు సైన్యమువారు దానిని మర మరగా విప్పి, రైళ్ళ కెక్కించి, గోర్కీ నగర ప్రాంతమునకు కొనిపోయి నిలువబెట్టిరి. 1952 నుండి అది వారి నౌకాదళమునకు పలుకుచున్నది. శత్రువు సొత్తులో దీనిని ఏరికొనుటనుబట్టియే దాని విలువ తెలియుచున్నది.

మన దేశమునకు వత్తుము. ప్రథమ జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న మన పతాక మెత్తినది. మరుసటి యేడు విశాఖపట్టణము చేరినది. 1971 డిసెంబరులో ఆ విశాఖ ముంగిటనే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. విక్రాంత్ ఓడ విశాఖలోనే యున్నదని శత్రువు నమ్మునట్లు తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ గారు రాజపుత్ అను చిన్న యోడచే తంత్రీరహిత వార్తలను పంపించిరని మన నౌకాదళపు కథనము. వార్తతో ఓడను రక్షించుటయు, వార్తతో శత్రువును మోసగించుటయు తెలుగు తీరముననే జరిగినవి.

పరిశోధనయందు గూడ మనవారు వెనుకబడలేదు. శిశిరకుమార మిత్రా గారు కలకత్తాలో నాటిన అయనమండల విద్యను వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమందు ఆచార్య భావరాజు రామచంద్రరావు గారు పెంచి, శిష్యపరంపరను నిర్మించిరి. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షులుగా నుండిన డాక్టరు సూరి భగవంతము గారు 1961 మొదలు 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారులు. రక్షణ ఎలక్ట్రానిక్ పరిశోధనాలయము హైదరాబాదున నెలకొన్నది 1961లోనే. మన నగరపు వీథులలో ఈ విద్య అరువది యేండ్లనుండి యున్నది. మనకు మాత్రము తెలియదు! సినిమా నటుల జన్మదినములను వల్లించు యువకుల నీ పేర్లడిగి చూడుడు.

దీర్ఘతరంగమున మన ప్రథమ కేంద్రము తమిళ దేశమున తిరునల్వేలి చెంత నున్న కట్టబొమ్మన్ కేంద్రము. అది 1990లో ప్రారంభమైనది. 2014లో క్రొత్త ప్రసారయంత్రమును తొడిగికొన్నది. దామగుండమున రానున్నది రెండవది. ఒకటి మరమ్మతులో నున్నపుడు, లేక శత్రువాతబడినపుడు, రెండవది పలుకవలయును. విశాఖలో 2009లో జలప్రవేశము చేసిన అరిహంత్ 2016లోను, దాని తోబుట్టువు అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోను నౌకాదళమున చేరినవి. అవి అణ్వాయుధవాహకములు. ముందుగా ఆ యాయుధమును ప్రయోగింపబోమని 2003లో ప్రకటించిన దేశము మనది. అట్టి దేశమున, నెలలకొలది నీట దాగియుండు నావకు ప్రజాప్రభుత్వపు ఆజ్ఞ చేరుటకు వార్తయే కళ్ళెము. విననేరని జలాంతర్గామి ఎవరి యాజ్ఞకును లోబడియున్నదని చెప్పుట కష్టము. కావున ఈ కేంద్రము వలయునని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. రగ్బీ స్తంభములు సామ్రాజ్యమునకు పలికినవి, ఇవి స్వతంత్రదేశమునకు పలుకును.

ఇంతవరకు విని చప్పట్లు కొట్టిన సోదరులు మిగిలినదియు వినవలయును.

1968 మొదలు అమెరికా నౌకాదళము దీనికంటెను పొడవైన తరంగముల కేంద్రమును విస్కాన్సిన్ రాష్ట్రమున తలపెట్టెను. నూరు మీటర్ల లోతునకును వార్త దిగవలెనని వారి కోరిక. "సాంగ్విన్" అను ఆ ప్రణాళిక ప్రకారము తీగలు ఆ రాష్ట్ర విస్తీర్ణమున ఐదింట రెండు వంతులు ఆక్రమించెడివి. రైతులు, ఉపాధ్యాయులు, శాసనసభ్యులు అడ్డుకొనిరి. వారిని దేశద్రోహులని కొందరనిరి. అయినను నౌకాదళము వారి ప్రశ్నలకు జవాబు వెదకక తప్పలేదు. చెట్లు, చేపలు, పక్షులు, మనుష్యులపై ఈ తరంగముల ప్రభావమును గూర్చి యేండ్ల తరబడి పరీక్షలు జరిగినవి. జాతీయ విజ్ఞాన పరిషత్తు విచారించి నివేదికలు ప్రకటించినది. మరియొక విచిత్రము: ప్రజలు బిగించినకొలది ఇంజనీర్లు నేర్పరులైరి. 1989లో పూర్తిగా పనిచేయ నారంభించిన కేంద్రమునకు విస్కాన్సిన్‌లో 28 మైళ్ళు, మిచిగన్‌లో 56 మైళ్ళు తీగ సరిపోయినది! 76 హెర్ట్జులపై అది 2004 వరకు పలికి, అవసరము తీరగా మూయబడెను. అమెరికా జలాంతర్గాములు ఆ రైతుల ప్రశ్నలచే చెవిటివి కాలేదు.

మన దామగుండమునకు అటువంటి విచారణ బహిరంగముగా జరిగినదా? 2017లో ఒక కక్షి ప్రభుత్వము ఉత్తరువు నిచ్చెను, 2024లో వేరొక కక్షి ప్రభుత్వము భూమి నప్పగించెను. ఇరువురును నేడు ఒకరి నొకరు వ్రేలెత్తి చూపుచున్నారు. 1,174 హెక్టారులు, అనగా 2,900 యెకరముల రక్షితారణ్యము. 3,200 కోట్ల రూప్యముల వ్యయము. ఈ రెండు సంఖ్యలు తప్ప సామాన్యునకు దక్కిన సమాచారము స్వల్పము. కూలనున్న చెట్ల సంఖ్యయందు అధికారుల లెక్కకును ఉద్యమకారుల లెక్కకును లక్షల వ్యత్యాసమున్నది. చెట్లు శత్రువుల జలాంతర్గాములు గావు, వానిని లెక్కించుట కష్టము గాదు. పౌనఃపున్యము, సంకేతము, వార్త దేశరహస్యములే. ఎన్ని చెట్లు, ఏ చెట్లు, వానికి బదులు ఎచ్చట నాటిరి, ఎన్ని బ్రదికినవి అనునది ఎట్లు రహస్యమగును?

కిరణములవలన పక్షులు రాలిపడునను భయమును మేము పలుచోట్ల వింటిమి. ఈ తరంగములు ఎక్స్‌కిరణముల జాతి గావు, అణువులను చీల్చు శక్తి వానికి లేదు. స్తంభముల చెంత నున్న యినుప కంచెలయందు, తీగలయందు విద్యుత్తు ప్రేరితమగు మాట నిజము. కాన ప్రహరీ సరిహద్దున క్షేత్రబలమును కొలిచి, ఆ కొలతను యేటేట ప్రకటింపవలెనని అడుగుట న్యాయము. భయమును పోగొట్టు కొలత ఉండగా, భయపడువానిని అజ్ఞాని యని తిట్టుట ఉద్యోగులకు తగదు.

మా దృష్టికి అసలు ప్రశ్న తరంగము గాదు, నీరు. అనంతగిరి కొండలలో పుట్టు మూసీకి ఈ ప్రాంతము ఎగువ పరీవాహము. 1908 సెప్టెంబరు 28 నాటి వరద హైదరాబాదును ముంచిన తరువాతనే గదా విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. అడవి నేల వాననీటిని ఇంకించుకొని మెల్లగా విడుచును. చదును చేసిన నేల ఒక్కమారుగా వదలును, దానితో మట్టిని గూడ వదలును. స్తంభముల నడుమ గల నేలనంతయు బోడి చేయవలసిన పని యున్నదా? రాగితీగలు పాతినచోట పెద్ద వ్రేళ్ళ చెట్లు పనికిరాకపోవచ్చును, గడ్డియు పొదలును ఏల పనికిరావు? ఏ వాగు ఎచ్చట మళ్ళింపబడును? ఈ ప్రశ్నలకు ఇంజనీర్లు కాగితముపై జవాబు వ్రాయగలరు. వ్రాయుమని యడుగువా రుండవలెను.

దామగుండ రామలింగేశ్వరుని ఆలయము సంగతియు నున్నది. భక్తులకు దారి యుండవలెనను మాట శంకుస్థాపన సభయందే ప్రస్తావనకు వచ్చినది. సభలో పలికిన మాట కావలివాని చేతి కాగితమునకు దిగవలెను. ఏ దినములలో, ఏ గవనుగుండ, ఎంత ప్రొద్దువరకు? మేకలు తోలుకొనువారు, కట్టెలు, తునికాకు ఏరుకొనువారు సభలో మాటలాడలేదు. వారికి అడవియందు పట్టా లేకపోవచ్చును గాని ఆకలి యున్నది.

ఈ మందిరమునకు వచ్చు మీరు చేయగల పని యొకటి యున్నది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చునపుడు షరతులు విధించును. ఆ షరతుల పత్రమును తెప్పించి, తెలుగు చేయించి, ఈ బల్లపై నుంచుడు. సమాచారహక్కు చట్టము 2005 నుండి మనకున్నది, దానికి పది రూప్యముల రుసుము చాలును. చెట్లు నాటిన స్థలముల పట్టిక, వాగుల పటము, ఆలయపు దారి ఉత్తరువు, సరిహద్దు కొలతలు, ఈ నాలుగింటికిని వేర్వేరుగా అర్జీలు వ్రాయుడు. ఒకే యర్జీలో అన్నియు నడిగినచో ఒకదాని సాకుతో అన్నింటిని త్రోసిపుచ్చుదురు. వచ్చిన జవాబులను మాకు పంపినచో ఈ పుటయందే ప్రకటింతుము. జవాబు రానిచో ఆ సంగతియు తేదీతో సహా ప్రకటింతుము.